తూకాలక్క కొన్న బంగారం

మా అమ్మ అసలు పేరు నగల వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ తూకాలక్క. ఆ వీధిలో ఏ దుకాణంలో త్రాసు మొరాయించినా ముందు అమ్మకే కబురు వస్తుంది. భుజానికి తోలు సంచీ తగిలించుకుని వెళుతుంది. అందులో చెక్కపెట్టెలో పేర్చిన తూకపు రాళ్ళు, ఒక పట్టకారు, మెత్తటి కుంచె, భూతద్దం ఉంటాయి. త్రాసు ముందు పది నిమిషాలు కూర్చుందంటే దాని రోగం చెప్పేస్తుంది. "దీనికేం కాలేదు, మీ ఫ్యాను గాలి పళ్ళేనికి కొడుతోంది, అటు తిప్పుకోండి" అని డబ్బులు పుచ్చుకోకుండా వచ్చేసిన రోజులున్నాయి. "త్రాసు బాగానే ఉందయ్యా, నీ చిటికెన వేలే బరువెక్కింది" అని ఒక యజమానిని కొనేవాళ్ళ ముందే అనేసిన రోజూ ఉంది. ఆయన వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. ఎనిమిదో రోజున త్రాసు ఆగిపోతే మళ్ళీ అమ్మనే పిలిచాడు.

ఈ పని అమ్మకి మా తాతయ్య నేర్పాడు. పనితో పాటు వీధి చివర పొడవాటి ఇరుకు గది కూడా ఆయన దగ్గరనుంచే వచ్చింది. ఒకప్పుడు జనం త్రాసులు మోసుకుని ఆ గదికి వచ్చేవారు. ఇప్పుడన్నీ కరెంటు త్రాసులు. వాటిని కదిపితే లెక్క తప్పుతుంది కాబట్టి అమ్మే దుకాణాలకి వెళ్ళాలి. గదిలో దుమ్ము పట్టిన ఇత్తడి పళ్ళేలు తప్ప ఏమీ మిగల్లేదు. పక్క దుకాణం వాళ్ళు మంచి ధర ఇస్తామంటే అమ్మ రెండు రోజులు ఆలోచించి అమ్మేసింది.

"తాతయ్య గది కదమ్మా, నీకేమీ అనిపించలేదా?" అని అడిగాను.

"అనిపించింది. పైకప్పు కారినప్పుడల్లా బకెట్లు పెట్టింది నేనే కదా, ఇక పెట్టక్కర్లేదనిపించింది" అంది.

వచ్చిన దాంట్లో కొంత ఇంటి మరమ్మతులకి పోయింది. మిగిలింది నా కోసమని అమ్మ ముందే చెప్పింది. నేనప్పుడు కళ్ళద్దాల తయారీ నేర్చుకుంటున్నాను. మూడేళ్ళలో చదువూ, ఒకరి దగ్గర పనీ పూర్తవుతాయి. ఆ తర్వాత సొంత షాపు. అప్పటిదాకా ఆ డబ్బుని ఏ రూపంలో ఉంచాలన్నదే మాట. అమ్మ దాని గురించి ఎవరినీ అడగలేదు.

"ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ బంగారం తూచాను. ఇప్పుడు నాది తూచుకుంటాను" అంది.

మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. పగలంతా హారన్లు విని ఇంటికొచ్చాక ఎక్కువ మాట్లాడడు. "బిస్కెట్లు కొని దాచెయ్యి. వాటికి నోరుండదు" అన్నాడు, అన్నం తింటూ.

ఆ మాట అక్కడితో ఆగిపోయేదే. కానీ మర్నాడు ఆదివారం, బాబాయి వచ్చాడు.

మా బాబాయికి రెండు కుర్చీల సెలూన్ ఉంది. కత్తెర ఎంత చురుకో నోరూ అంతే చురుకు. గడ్డం సగం గీసి, మిగతా సగం కథ అయ్యాక గీస్తాడని పేరు. ఆయనకి ఒక పిచ్చి ఉంది, పాత బంగారు నాణేలు. పదిహేనేళ్ళలో ఏడు కొన్నాడు. వాటిని నీలం మఖమల్ పెట్టెలో పెట్టుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపిస్తాడు. అమ్మ బంగారం కొంటుందని నాన్న నోట విన్నాడో లేదో, పెట్టె చంకన పెట్టుకుని దిగిపోయాడు.

"వదినా, బిస్కెట్టేంటి వదినా? దాన్ని మిషన్లో పోస్తే నిమిషానికి వంద వస్తాయి. ఇది చూడు." పెట్టె తెరిచి ఒక నాణేన్ని వేళ్ళతో అంచులు పట్టుకుని వెలుతురుకి ఎత్తాడు. "ఈ రాణిని చూడు. ఈవిడ పోయి నూరేళ్ళు దాటింది. ఈ అచ్చు విరగ్గొట్టేశారు. ఇక ఇలాంటిది పుట్టదు. బంగారం పెరిగితే దీని ధర పెరుగుతుంది. బంగారం పెరగకపోయినా, దొరకదు కాబట్టి పెరుగుతుంది. రెండు వైపులా లాభం!"

"రెండు వైపులా రాణి ఉందేమిటి?" అన్నాడు నాన్న.

"నువ్వూరుకో అన్నయ్యా. వదినా, నా మాట విను. నాణేల షాపాయన నాకు బాగా తెలుసు. ఒక్కసారి వచ్చి చూడు. చూసి నచ్చలేదంటే నా మీసం తీసేస్తా."

బాబాయికి మీసం లేదు. అయినా అమ్మ నవ్వి, "సరే, రెండూ చూస్తా. ముందు బిస్కెట్లు, తర్వాత నీ రాణిగారు" అంది.

సోమవారం సెలూన్‌కి సెలవు. అమ్మా, బాబాయీ, నేనూ ముగ్గురం బయల్దేరాం.

బిస్కెట్లు అమ్మేచోటు బ్యాంకు కౌంటరులా ఉంది. గాజు వెనక ఒక ఉద్యోగి, గోడమీద ఆ రోజు కొనే ధర, అమ్మే ధర. చూడ్డానికి అంతకు మించి ఏమీ లేదు. అడిగితే సొరుగులోంచి గట్టి ప్లాస్టిక్ కార్డులో అతికించిన పది గ్రాముల బిస్కెట్టు తీసి చూపించాడు. గోరంత పలక. దానిమీద బరువు, మేలిమి, ఒక నంబరు. బాబాయి దాన్ని చూసి ఆవలించాడు.

అమ్మ ఒకటే ప్రశ్న అడిగింది. "మూడేళ్ళ తర్వాత దీన్ని తెచ్చి ఇస్తే మీరేం చేస్తారు?"

"కార్డు చింపకుండా, రసీదుతో తెస్తే ఆ రోజు ధర మీద వందకి ఒకటి తగ్గించి తీసుకుంటామండి. పావుగంట పని."

"కొనేటప్పుడు?"

"ఇలా చిన్నవైతే ధర మీద వందకి మూడు ఎక్కువ. వంద గ్రాములది ఒకేసారి తీసుకుంటే ఒకటిన్నర."

"థాంక్స్" అని అమ్మ బయటికొచ్చేసింది. లోపల మేం ఉన్నది ఐదు నిమిషాలు కూడా లేదు.

"చూశావా? మందుల షాపులో తలనొప్పి బిళ్ళ కొన్నట్టుంది" అన్నాడు బాబాయి.

నాణేల షాపు వేరే లోకం. మెట్లెక్కి పైకి వెళ్ళాలి. చెక్క బీరువాలు, పచ్చటి గుడ్డ పరిచిన బల్ల, వంగే మెడ ఉన్న దీపం. షాపాయన అరవై దాటిన మనిషి, చేతులకి తెల్లటి నూలు తొడుగులు. బాబాయిని చూసి నవ్వి, మాకు కుర్చీలు చూపించి, టీ తెప్పించాడు. తర్వాత ఒక పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆరు బంగారు నాణేలు. అన్నీ ఒకే రకం, ఒకే రాణి, సంవత్సరాలు మాత్రం వేరు.

ఆయన వాటి గురించి చెబుతుంటే నాకూ నోరు తెరుచుకుపోయింది. ఏది ఏ టంకశాలలో అచ్చయిందో చెప్పే చుక్కంత అక్షరం ఎక్కడుంటుందో చూపించాడు. ఒక ఏడాది తక్కువ అచ్చు వేశారట, ఆ ఏడాదివి ఎక్కువ ధర. రాణి చెవిమీద జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తే ఒక ధర, కలిసిపోతే ఇంకో ధర. అమ్మ ఒక నాణేన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. రోజూ బంగారం ముట్టుకునే మనిషి. అయినా ఆ చూపు నేనెప్పుడూ చూడని చూపు. ఇక కొనేస్తుందనే అనుకున్నాను.

"బాగుందండీ. నిజంగా బాగుంది" అంది అమ్మ. "దీని ధర ఎలా వేశారు?"

"బంగారం విలువ మీద సుమారు మూడో వంతు ఎక్కువమ్మా. ఇదిగో, తళతళలాడుతోంది చూడండి, దీనికి మాత్రం సగం ఎక్కువ. ఇంత చక్కటి స్థితిలో దొరకడం కష్టం."

"మూడేళ్ళ తర్వాత తెచ్చి మీకే ఇస్తే?"

ఆయన తడుముకోలేదు. ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. "నేను తీసుకుంటే బంగారం ధర మీద పదో వంతు ఎక్కువిస్తాను. వేలంలో పెడితే ఇంకా రావచ్చు, రాకపోనూ వచ్చు. అక్కడ వాళ్ళ కమిషన్ ఉంటుంది. సరైన కొనుగోలుదారు దొరకడానికి ఒక్కోసారి నాలుగు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. కంగారుంటే ఈ వస్తువు కొనకూడదమ్మా."

బాబాయి మధ్యలో అందుకుని, "కంగారేముంది, మన బంగారుతల్లి షాపు పెట్టడానికి ఇంకా మూడేళ్ళుంది కదా!" అన్నాడు.

అమ్మ షాపాయన వైపు తిరిగింది. "ఒకసారి తూచనిస్తారా?" అని అడిగింది.

"తప్పకుండా." పక్కబల్ల మీద త్రాసు ఉంది. అమ్మ దాని దగ్గరికి వెళ్ళి నాణెం పెట్టబోయి ఆగింది. వంగి, దాని మూలన గుండ్రటి గాజులో ఉన్న నీటి బుడగని చూసింది.

"మీ త్రాసు కుడివైపుకి ఒరిగిందండీ. బల్ల జరిపారా ఈ మధ్య?"

"కిందటి నెల జరిపాం, రంగులు వేయించినప్పుడు. ఎందుకమ్మా?"

అమ్మ జవాబు చెప్పకుండా త్రాసు కింద కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తిప్పింది. బుడగ నడిమి గీతలోకి వచ్చి నిలిచింది. సంచీలోంచి తన రాయి తీసి పెట్టి చూసి, "ఇప్పుడు సరిపోయింది" అంది. షాపాయన తొడుగుల చేతులు బల్లమీద ఆనించి ఆవిడకేసి కొత్తగా చూశాడు.

"మా వదిన త్రాసుల డాక్టరండీ!" అన్నాడు బాబాయి, తనే వైద్యం చేసినట్టు.

అమ్మ ఆరు నాణేలూ వరసగా తూచింది. కాగితం మీద రాసుకోలేదు, పైకే చెప్పుకుంటూ పోయింది. "ఎనిమిది గ్రాములకి ముప్పై మిల్లీగ్రాములు తక్కువ. ఇది నలభై. ఇది ముప్పై. ఇది అరిగింది, యాభై. ఇది నలభై." ఆరోది ఆ తళతళలాడే నాణెం. దాన్ని పెట్టి అంకె చూసి, తీసి మళ్ళీ పెట్టింది.

"నూట పది."

అమ్మ గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "అరిగినవాటికంటే అరగనిది తేలిగ్గా ఉందండీ. రాణి జుట్టు అంతా అలాగే ఉంది, మరి బంగారం ఎక్కడ పోయింది?"

ఆవిడ భూతద్దం తీసి నాణేన్ని పట్టకారుతో నిలబెట్టి, ముఖం వైపు చూడకుండా అంచుని తిప్పుకుంటూ పోయింది. నాణెం చుట్టూ సన్నటి గాట్లుంటాయి, దువ్వెన పళ్ళలా. ఒకచోట ఆగి షాపాయనకి అద్దం అందించింది.

"ఇక్కడ చూడండి. రాణి తలకి సరిగ్గా పైన. చుట్టూ ఉన్న గాట్లు మిషన్ వేసినవి, ఒకే దూరం. ఈ పన్నెండు గాట్లు చేత్తో కోసినవి. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా. రంగు కూడా అక్కడ కాస్త పాలిపోయింది, టంకం మిగిలింది. ఎప్పుడో దీనికి కొక్కెం పెట్టి ఎవరో గొలుసులో వేసుకున్నారు. తర్వాత కొక్కెం పీకి, ఆకురాయితో రాసి, గాట్లు కోసి, మెరుగు పెట్టారు. పనితనం మంచిదే."

షాపాయన దీపాన్ని దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"రెండు నెలల క్రితం ఒక కుటుంబం దగ్గర మొత్తం ఒకేసారి కొన్నానమ్మా. ముఖం చూసి మురిసిపోయాను, అంచు చూడలేదు. దీన్ని మీకు సగం ఎక్కువ ధరకి అంటగట్టేవాణ్ణి." ఆ నాణేన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టకుండా విడిగా ఒక కవరులో వేసి, కవరు మీద 'మరమ్మతు చేసినది, బంగారం విలువ మాత్రమే' అని మా ఎదురుగానే రాశాడు. "మిగతా ఐదూ ఇంకోసారి చూస్తారా? చూసినందుకు మీ ఫీజు ఇస్తాను."

అమ్మ చూసింది. ఐదూ బాగున్నాయి. ఫీజు కూడా తీసుకుంది, పని పనే కదా అని. కానీ నాణెం కొనలేదు.

దారిలో బాబాయి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడని బాబాయితో నడవడం నాకదే మొదటిసారి. మమ్మల్ని ఇంటిదాకా వదిలి, తన ఇంటికెళ్ళి నీలం పెట్టె తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

"చూడు వదినా."

"ఎందుకులే. నీకు నచ్చి కొనుక్కున్నావు, ఉండనీ."

"చూడమంటున్నాగా!"

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, ఇంట్లో ఉన్న చిన్న త్రాసు సరిచేసుకుని, ఏడు నాణేలూ చూసింది. ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి వాటిని రెండు కుప్పలుగా పెట్టింది, మూడు ఇటు, నాలుగు అటు.

"ఈ మూడూ నికార్సైనవి. ఈ నాలుగింటిలో మూడు నగల్లోంచి తీసినవి. నాలుగోదాన్ని బాగా తోమేశారు, అందులో రాణి ముక్కు కూడా కాస్త పోయింది. బంగారం మాత్రం అన్నిటిలోనూ అసలైనదే."

బాబాయి నాణేలన్నీ పోగుచేసి పెట్టెలో పడేసుకున్నాడు. ఆయన మొహం ఎర్రబడింది. "నీకు తూకం తప్ప ఇంకేమీ కనిపించదు వదినా! పదిహేనేళ్ళుగా చూసుకుంటున్నాను, నాకెప్పుడూ ఏ లోపమూ కనిపించలేదు. వస్తువుని ప్రేమగా చూడాలి, పోలీసులా చూస్తే అన్నీ దొంగలే!" అని పెట్టె మూసుకుని, తలుపు ధడాల్న వేసి వెళ్ళిపోయాడు.

"నిజం చెప్పావు, బాగానే ఉంది. కాస్త మెల్లగా చెప్పాల్సింది" అన్నాడు నాన్న ఆ సాయంత్రం విని.

"మెల్లగానే చెప్పాను. నిజమే గట్టిగా వినిపించింది" అంది అమ్మ.

ఆ వారమే అమ్మ బిస్కెట్లు కొనేసింది. వంద గ్రాములవి తీసుకుంటే చౌక అని కౌంటరు ఉద్యోగి ఇంకోసారి చెప్పాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. "పదేసి గ్రాములవే ఇవ్వండి. నాకు కొంచెమే అవసరం పడితే పెద్దదాన్ని కొరికి అమ్మలేను కదా." రసీదు చదివి, ప్రతి కార్డు మీది నంబరూ రసీదులోని నంబరుతో సరిచూసి సంతకం పెట్టింది. వాటిని బ్యాంకు లాకరులో పెట్టి, తాళంచెవి నాన్నకిచ్చింది. ఆ తర్వాత వాటి గురించి మా ఇంట్లో మాటే లేదు.

బాబాయి మాత్రం పది రోజులైనా రాలేదు. పిన్ని ఫోన్ చేసి, "మీ మరిదికి ఏమైందక్కా? గడ్డాలు గీస్తున్నాడు గానీ కథలు చెప్పట్లేదు. జనం భయపడుతున్నారు" అంది.

పదకొండో రోజు మధ్యాహ్నం మూడింటికి అమ్మ నన్ను తీసుకుని సెలూన్‌కి వెళ్ళింది. అది మగవాళ్ళ సెలూన్. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ నేరుగా వెళ్ళి అందులో కూర్చుని, జడ విప్పేసింది.

"కొసలు చిట్లాయి. రెండంగుళాలు తీసెయ్."

బాబాయి అద్దంలో ఆవిడకేసి చూశాడు. "ఇది మగవాళ్ళకి వదినా."

"జుట్టుకి ఆడామగా ఏమిటయ్యా? కత్తెరకి చేతకాదా ఏం?"

ఆ మాటకి బాబాయి రోషంగా తెల్లగుడ్డ దులిపి ఆవిడ మెడ చుట్టూ కట్టాడు. దువ్వడం మొదలుపెట్టాడు. చేతిలో దువ్వెన ఉండి నోరు మూసుకోవడం ఆయన వల్ల కాదని అమ్మకి తెలుసు. రెండు నిమిషాలు గడిచాయి.

"నా మోకాళ్ళు అరిగిపోయే రోజుకి అవే ఆధారమనుకున్నాను. మా ఆవిడకి కూడా అదే చెప్పాను" అన్నాడు బాబాయి.

"ఆ నాలుగూ ఎప్పుడు కొన్నావు?"

ఆయనకి ఒక్కొక్కటీ ఏ నెలలో, ఎంతకి కొన్నాడో నోటికి వచ్చు. వరసగా చెప్పాడు. అమ్మ కళ్ళు మూసుకుని విని, "బంగారం మీద మూడో వంతు ఎక్కువిచ్చి కొన్నావు. అప్పటినుంచి బంగారం మూడింతలైంది. కరిగించే ధరకి అమ్మినా నువ్వు పెట్టినదానికి రెండింతల పైనే వస్తుంది. డబ్బు సంగతి అయిపోయింది. ఇంకేమిటి బాధ?" అంది.

బాబాయి కత్తెర ఆపాడు. "బాధ డబ్బు గురించి కాదు వదినా. ఊళ్ళో ప్రతివాడికీ చూపించి గొప్పలు చెప్పాను. నన్నొక వెర్రివాణ్ణి చేశారు."

"నన్నూ చేశారు."

"నిన్నా?"

"పంతొమ్మిదేళ్ళప్పుడు. మా నాన్న ఊళ్ళో లేడు. ఒకాయన తూకపు రాళ్ళ పెట్టె తెచ్చి సరిచూసి ముద్ర వెయ్యమన్నాడు. పైన చూస్తే ధగధగలాడుతున్నాయి. తూచకుండానే వేసేశాను. రెండు రాళ్ళకి అడుగున కన్నం చేసి, అది కనిపించకుండా ఇత్తడి బిళ్ళ అతికించారు. ఆ రాళ్ళతో ఆయన నాలుగు నెలలు జనాన్ని ముంచాడు, నా ముద్రతో. బయటపడ్డాక నేను రెండు రోజులు తిండి తినలేదు."

"మీ నాన్న ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. అంతకుముందు ఆరు నెలల్లో నేను ముద్ర వేసిన దుకాణాలన్నిటికీ నన్ను వెంటబెట్టుకుని తిరిగి, ప్రతి రాయీ మళ్ళీ తూయించాడు. 'మా అమ్మాయి తప్పు చేసింది, సరిచేస్తుంది' అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాడు. అప్పుడు చచ్చిపోవాలనిపించింది. కానీ ఆ తర్వాతే నన్ను తూకాలక్కా అని పిలవడం మొదలుపెట్టారు వీధిలో. ఏ రాయి చేతికొచ్చినా ముందు తిరగేసి అడుగు చూస్తాను, అంతే."

పక్క కుర్చీలో సగం గడ్డంతో ఉన్న పెద్దమనిషి కథ విని, "అవునమ్మా" అన్నాడు తనకి సంబంధం లేకపోయినా.

"ఇంకోమాట" అంది అమ్మ. "నువ్వు కొన్నవి చూసుకోవడానికి. పదిహేనేళ్ళు కళ్ళారా చూసుకున్నావు, అది ఎవరూ పట్టుకుపోలేదు. నేను కొన్నది ఫలానా రోజున అమ్మడానికి. నీ కూతురి షాపుకని డబ్బు దాస్తే నువ్వూ బిస్కెట్టే కొంటావు. నాకు దాచాల్సిన పని లేకపోతే నేనూ రాణినే కొంటాను. ఇందులో పోట్లాట ఎక్కడుంది?"

బాబాయి చాలాసేపు దువ్వాడు, అవసరానికి మించే. తర్వాత మెల్లగా, "ఆ గాట్లు ఎలా చూడాలో నాకు నేర్పుతావా?" అన్నాడు.

"నేర్పుతా. ముందు ఆ రెండో వైపు కూడా కత్తిరించు. ఇలా వెళితే మీ అన్నయ్య నవ్వుతాడు."

నాలుగు నాణేలనీ బాబాయి ఆ నెల్లోనే బంగారం ధరకి అమ్మేశాడు. అమ్మ చెప్పిన లెక్క పొల్లుపోలేదు. మిగిలిన మూడింటినీ నాణేల షాపాయన చూసి, వాటిలో ఒకటి తక్కువ అచ్చు వేసిన ఏడాదిదని చెప్పాడు. బాబాయి ఎగిరి గంతేసి, అమ్మేస్తానన్నాడు గానీ ఎంతకీ అమ్మలేదు. ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.

షాపాయన అమ్మని వదల్లేదు. కొత్తగా సరుకు కొనే ముందు పిలుస్తానన్నాడు. అలా ప్రతి మంగళవారం మధ్యాహ్నం అమ్మకి అక్కడ పని దొరికింది. సోమవారం సెలవుని మంగళవారానికి మార్చుకుని బాబాయి కూడా వెంట వెళ్ళేవాడు. అమ్మ తూచేది, ఆయన అంచులు చూసేవాడు. ఏడాది తిరిగేసరికి అమ్మ కంటే ముందే ఆయన దొంగగాట్లు పట్టేవాడు. పట్టినప్పుడల్లా గోల్ కొట్టినట్టు అరిచేవాడు. షాపాయన మొదట్లో ఉలిక్కిపడేవాడు, తర్వాత అలవాటుపడ్డాడు.

రెండో ఏడు, వచ్చిన ఫీజులోంచి అమ్మ తనకోసం ఒక నాణెం కొనుక్కుంది. అందరూ ఏరిపారేసినది. రాణి ముఖం దాదాపు చెరిగిపోయింది, ముక్కూ గడ్డమూ కలిసి ఒకే గీతలా ఉంటాయి. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేమిటి, దీనికి మొహమే లేదు. ఇన్ని మంచివి చూసి చూసి దీన్ని తెచ్చావా?" అన్నాడు.

"అరిగినంత మేరకే బరువు తగ్గింది. ఎవరూ ఆకురాయి పెట్టలేదు, తోమలేదు. చేతులు మారి మారి ఇలా అయింది. నాకిది నచ్చింది" అంది అమ్మ.

"ఎంతకి అమ్ముతావు?"

"అమ్మను."

నాన్న దాన్ని ఆవిడ అరచేతిలో పెట్టేశాడు.

మూడో ఏడు వేసవిలో నా పని నేర్చుకోవడం పూర్తయింది. మార్కెట్టు దగ్గర ఒక గది అద్దెకుందని తెలిసి చూసొచ్చాం. అడ్వాన్సు, రెండు మిషన్లు, ఒక బల్ల, అద్దాల ఫ్రేముల మొదటి సరుకు అన్నీ కలిపి ఎంతవుతుందో నేను చెప్పాను. మర్నాడు పొద్దున్నే లాకరుకి వెళ్ళి, అవసరమైనన్ని కార్డులు తీసుకుని, మిగతావి అక్కడే ఉంచి, అదే గాజు కౌంటరుకి వెళ్ళాం. ఉద్యోగి మారాడు. కొత్తాయన కార్డులు చూశాడు, నంబర్లు సరిచూశాడు, తూచాడు. అమ్మ కళ్ళు ఆ త్రాసు మీదనుంచి కదల్లేదు. ధర గోడమీద రాసి ఉన్నదే. వందకి ఒకటి తగ్గించాడు. పావుగంట అన్నారు గానీ పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అమ్మ గడియారం చూసుకుని, "పద, గది యజమాని పదకొండింటికి రమ్మన్నాడు" అంది.

గది యజమాని తాళాలతో సిద్ధంగా ఉన్నాడు. కాగితాలు బల్లమీద పరిచాడు. నేను కలం తీశాను. అమ్మ గదంతా ఒకసారి తిరిగి, వెనక గోడ దగ్గర ఆగి అరచేయి ఆనించింది.

"ఈ చెమ్మ ఎప్పటినుంచండీ?"

"వానాకాలంలో కాస్త ఉంటుందమ్మా. పెద్ద విశేషమేం కాదు."

"మా అమ్మాయి మిషన్లు ఇక్కడే పెట్టాలి. మీరు గోడకి పూత వేయించి ఇవ్వండి, లేకపోతే మేం వేయించుకుంటాం, మొదటి రెండు నెలల అద్దె మీరు తీసుకోకండి. ఏది సౌకర్యమో మీరే చెప్పండి."

ఆయన నా వంక చూశాడు, నేను కలం మూత పెట్టేశాను. కాస్త గొణిగి, రెండు నెలల అద్దె వదులుకోవడానికి ఒప్పుకున్నాడు. కాగితం చివర ఆ మాట ఆయన చేతనే రాయించి, దాని కింద నేను సంతకం చేశాను.